అమ్మమ్మ పంటి పట్టు

ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం విరగ్గొట్టడం. దంతవైద్య కళాశాల పరీక్షల గదిలో ఒక యంత్రం ఉంది. పంటికి అంటించిన దేన్నయినా దాని కింద పెడితే, ఉలి లాంటి సన్నని పలక అతుకు మీదికి దిగి మెల్లగా తోస్తూ పోతుంది. ఎంత బలానికి ఊడిందో తెర మీద అంకె పడుతుంది. పింగాణీ, ప్లాస్టిక్, కొత్తగా వచ్చిన ప్రతి జిగురూ నా చేతుల మీదుగానే ఊడాయి. అందుకే అంటించిన వస్తువంటే నాకు నమ్మకం లేదు. మా ఆవిడ కప్పు చెవి విరిగితే అతికించి తెచ్చినప్పుడు, "ఎన్నాళ్లుంటుందో చెప్పమంటావా" అని అడిగి ఆ పూట టీ పోగొట్టుకున్న మనిషిని.

అలాంటి నా ఇంట్లోనే పన్ను విరిగింది. మా అమ్మాయి పిచ్చుక, పన్నెండేళ్లది, బడి మెట్ల మీద పడి పై ముందు పన్ను సగానికి విరగ్గొట్టుకుంది. ఆ ముక్క దొరకలేదు. పంటి రంగు సిమెంటుతో కట్టిన ముక్క మూడు నెలల్లో మూడుసార్లు ఊడింది. మూడోసారి క్లాసులో పాఠం చదువుతుండగా బల్ల మీద పడింది. తొడుగు వేయాలంటే పన్ను అరగదీయాలి, దానికి ఇంకా ఆరేళ్లు ఆగాలన్నారు.

"ఇంకొక్కసారే నాన్నా. అది కూడా ఊడితే ఇక నన్నెవరూ ఆ కుర్చీలో కూర్చోబెట్టొద్దు" అంది. అంతకుముందు గంటకు అరవై కబుర్లు చెప్పే పిల్ల. దాని వాగుడు లేక ఇల్లు బావురుమంటోంది.

మా కాలేజీలో పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ అప్పటికే ఒక వింత పని మీద ఉంది. తీసేసిన పళ్లను శుభ్రం చేసి, ఆవిరి యంత్రంలో పెట్టి క్రిములు చంపి, ముక్కలు కోసి, వేరే విరిగిన పళ్లకు అతికించడం. పింగాణీ ఎదుటి పన్నును అరగదీస్తుంది, ప్లాస్టిక్ తానే అరిగిపోతుంది, పన్నయితే పన్నుతో సమానంగా అరుగుతుంది అని ఆవిడ వాదన. ముప్పై ముక్కలు నా యంత్రం కింద పెట్టింది. తెర మీద అంకె ఇరవై దాటితే నోట్లో నిలుస్తుందని మా అంచనా. అన్నీ దాటాయి. అయినా నేను "చూద్దాం లెండి" అనే అన్నాను.

ఈ సంగతి భోజనాల దగ్గర చెబితే మా అత్తగారు కంచం పక్కకు జరిపింది. చిగుళ్ల జబ్బుతో ఆవిడ ముందు పళ్లు రెండూ ఊగిసలాడుతున్నాయి. తీయించుకోమని ఏడాదిగా మొత్తుకుంటున్నా ససేమిరా అంటోంది.

"నా పళ్లు పనికొస్తాయేమో అడుగు నాయనా."

"అవి అరవై ఎనిమిదేళ్ల పళ్లు అత్తయ్యా."

"ఊగేది చిగురు. పన్నుకేం, రాయిలా ఉంది."

మర్నాడే వచ్చి కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ రెండు పళ్లూ తీసి, ఒకటి పరీక్షకు, ఒకటి పిల్లకు అంది. నా పనిలో ఉన్న తిరకాసే అది. పరీక్ష చేసింది ముక్కలైపోతుంది. నోట్లోకి వెళ్లేదాన్ని పరీక్ష చేయడానికి లేదు. జోడీని విరిచి చూసి దీన్ని నమ్మాలి.

ఇక్కడ నేనొక బుద్ధితక్కువ పని చేశాను. ముందే చూస్తే పిల్లకు జంకు పోతుందని, ఆ శనివారం రెండు పళ్లూ నీళ్లలో వేసి ఉంచిన సీసా ఇంటికి పట్టుకొచ్చాను. పిచ్చుక దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసింది. "పసుపుగా ఉన్నాయే" అని మాత్రం అంది. సోమవారం సీసా తీసుకెళ్లి దాని చోట దాన్ని పెట్టేశాను.

డాక్టరమ్మ మొదటి పన్నును రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని వేరే పంటికి అతికించి, ఒకరోజు గోరువెచ్చని నీళ్లలో ఉంచి నాకిచ్చింది. పలక దిగింది. అంకె ఆరు దగ్గర ఉండగానే ముక్క ఊడి కింద పడింది.

ఊడుతుందని ఇన్నాళ్లూ అన్నది నేనే. నా మాటే నెగ్గింది, నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ ఆ ముక్కను తిప్పి తిప్పి చూసింది. "ముప్పై పళ్లు నిలబడ్డాయి, ఇదొక్కటే ఇలా ఎందుకు? ఈ సీసా ఎక్కడికైనా వెళ్లిందా మాస్టారూ?" అంది. ఇంట్లో అడిగి చెబుతానన్నాను.

ఇంటికొచ్చి ఆరు సంగతి చెప్పాను. అత్తగారు నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పిల్ల పసుపుగా ఉన్నాయంది కదా నాయనా. నాకు పుక్కిలించమని నురుగు మందు ఇచ్చారు చూడు, అది పడితే తువ్వాలు మీద మరక తెల్లబడింది. మీరెవరూ చూడకుండా రెండు రోజులు పళ్లను అందులో నానేశాను. సోమవారం పొద్దున్నే మళ్లీ నీళ్లు పోసి పెట్టేశాను. ముసలి పన్ను పెట్టుకుందని రేపు దాన్నెవరూ అనకూడదని. చేజేతులా నేనే పాడుచేశానా?"

నాకు ఇట్టే కోపం వస్తుందని ఇంట్లో పేరు. ఆ వేళ రాలేదు. సీసా తెచ్చింది నేను, ఆవిడ చేసింది ప్రేమకొద్దీ.

మర్నాడు డాక్టరమ్మ ఇదంతా విని తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "పాడవలేదు. ఆ మందులోని ఆక్సిజన్ పన్ను లోపల ఉండిపోయి జిగురును గట్టిపడనివ్వదు. రెండు వారాలు మంచినీళ్లలో ఉంచితే దానంతటదే పోతుంది. మిగతా సగం ముక్కతో మళ్లీ చూద్దాం."

ఆ రెండు వారాలూ అత్తగారు నేను చెప్పులు విప్పక ముందే "ఇవాళ నీళ్లు మార్చారా?" అని అడిగేది. పరీక్ష రోజున తనే కాలేజీకి వచ్చి నా వెనకాల నిలబడింది.

పలక దిగింది. ఆరు దాటింది. పది. పదిహేను. ఇరవై దాటినా ఆగలేదు. ఇరవై ఆరు దగ్గర చిటుక్కుమంది. ముక్కలు తీసి డబ్బాలో వేయబోతుంటే డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాటిని భూతద్దం కింద పెట్టి చూసి, "మీరే చూడండి" అంది.

వంగి చూశాను. అతుకు చెక్కుచెదరలేదు. దానికి పైన, పన్నే చీలింది. అత్తగారి పంటి పొర ఒకటి, ముక్కూమొహం తెలియని ఎవరి పన్నునో ఇంకా పట్టుకునే ఉంది. ఏది ఎవరిదో, ఎక్కడ కలిశాయో నా కంటికి ఆనలేదు. ముప్పైలోనూ ఇలా విరిగినవి తొమ్మిది ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఇరవై రెండేళ్లలో నేను అంకె తప్ప ఏదీ చూడలేదు. విరిగినదాన్నల్లా డబ్బాలో పారేశాను.

"ఏమైంది నాయనా?" అత్తగారు నా భుజం మీదుగా వంగింది.

"మీ పన్ను విరిగింది అత్తయ్యా. పట్టు మాత్రం వదల్లేదు."

రెండో పన్ను మళ్లీ ఆవిరి యంత్రంలోకి వెళ్లి, విరిగిన మేరకు చెక్కించుకుని, పిచ్చుక నోట్లోకి చేరింది. డాక్టరమ్మ జిగురును గట్టిపరిచే నీలి దీపం ఆర్పి, అతుకు గీత ఎక్కడుందో తనకే కనిపించడం లేదంది. ముందు పళ్లతో గట్టివి కొరకొద్దని మరీ మరీ చెప్పింది.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం. అత్తగారికి కట్టుడు పళ్లు ఇంకా అలవాటు కాలేదు. దోర జామకాయ ఒకటి చేతిలో అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, బల్ల మీద పెట్టేసింది. పిచ్చుక దాన్ని లాక్కుంది. గౌను అంచు కప్పి కాకెంగిలి చేయడానికి ముందు పన్ను ఆనించింది. నేను కుర్చీలోంచి లేచేలోపే టక్కుమని చప్పుడైంది.

పిచ్చుక గౌను అంచు విప్పింది. అందులో జామకాయ ముక్క మాత్రమే ఉంది. అది తీసి అమ్మమ్మ నోట్లో పెట్టింది.

"తిను అమ్మమ్మా. నీ పన్నుతోనే కొరికాను."

అత్తగారు కళ్లు మూసుకుని దవడపళ్లతో మెల్లగా నమిలింది. నేను మళ్లీ కూర్చోవడానికి కాస్త సేపు పట్టింది.