మామిడిటెంక పిడి

బుచ్చిబాబు కడుపులో మాట దాగదని నాచారం పారిశ్రామికవాడలో అందరికీ తెలుసు. అయినా హరిత నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, ఆయన అక్క మొగుడాయె, ఆమె పనిచేసే కత్తుల కార్ఖానా ఆయనదాయె.

కార్ఖానా ఆయనదే గానీ ఆ కత్తి మాత్రం హరితది. వంటింటి కత్తి పిడికి రెండు పక్కలా మామిడి టెంకలాంటి ఉబ్బు పెట్టింది. తడిచేయి జారి అంచు మీదికి పోదు. గట్టు మీద పడుకోబెడితే బ్లేడు గట్టుకు తగలకుండా పైకే ఉంటుంది. ఆ ఉబ్బు ఎంత ఉండాలో తేల్చడానికి తన అరచేతినే కొలతగా పెట్టుకుని, చెక్కలు చెక్కి చెక్కి, వేళ్ళు కోసుకుని, రెండేళ్లు నానా తిప్పలూ పడింది. ఆ రెండేళ్లూ బుచ్చిబాబు చేసిన సాయమల్లా, వచ్చిపోయేవాళ్లతో "మా మరదలు ఏదో చెక్కుకుంటోంది లెండి" అని నవ్వడమే.

చివరికి ఉప్పల్‌లో ఆఫీసున్న పేటెంట్ ఏజెంట్ మహిపాల్ కత్తికి పద్ధతిగా బొమ్మలు గీయించి ఇద్దర్నీ కూర్చోబెట్టాడు.

"పని జేసే తీరుకు పేటెంట్ అడుగుదాం మేడం, రూపానికి డిజైన్ రిజిస్ట్రేషన్ అడుగుదాం. రెండిటికీ ఒకటే షరతు. ఫైల్ జేసేదాంక లోకం ఆ కత్తిని సూడొద్దు. మీరే సూపెట్టినా సరే, అది పాతదైపోతది. సోమవారం ఫైల్ జేస్తం. అందాక జర ఎవ్వలకు చెప్పకుండ్రి."

"మా కడుపులోనే ఉంటుంది" అన్నాడు బుచ్చిబాబు గంభీరంగా. మరదలికంటే ముందే చేయి చాచి బొమ్మల కాపీ తీసుకున్నాడు. అక్కడే అనుమానపడాల్సింది.

ఆదివారం పొద్దున కూరగాయలకని ఉప్పల్ చౌరస్తాకు వెళ్లిన హరితకు మెట్రో స్తంభం పక్కన ఫ్లెక్సీ కనిపించింది. అందులో బుచ్చిబాబు చేతులు జోడించి నవ్వుతున్నాడు. తల మీద "ఉప్పల్ ముద్దుబిడ్డ" అని రాసి ఉంది. తణుకు నుంచి నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఉప్పల్ ముద్దు ఎప్పుడు పెట్టిందో ఆయనకే తెలియాలి. పక్కన కత్తి. ఉత్త ఫొటో అయ్యుంటే కొంత నయమే. ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి, మహిపాల్ గీయించిన బొమ్మలన్నీ మిల్లీమీటర్లతో సహా అచ్చు వేయించాడు మహానుభావుడు. కింద "త్వరలో పేటెంటు పొందబోతున్న శుభసందర్భంగా అభినందనలు" అని. అభినందించింది ఎవరా అని చూస్తే, అదీ ఆయనే.

హరిత తిన్నగా కార్ఖానాకు వెళ్లింది.

"ఎవరికీ చూపించొద్దన్నారు కదా బావగారూ."

"నేనెవరికి చూపించానమ్మా? ఒక్కడి చేతికైనా కత్తి ఇచ్చానా? బొమ్మలేగా. అంత చక్కటి బొమ్మలు ఫైల్లో పెట్టి దాస్తే ఎవడు చూస్తాడు?"

హరితకు ఏడుపు రాలేదు. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తే ఒళ్లంతా రోత పుట్టింది, అంతే.

మహిపాల్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది. "ఊరందరికీ సూపెట్టినంక కొత్తదని నేను దస్కతు ఎట్ల పెట్టాలె మేడం" అన్నాడు. కాగితాలు అతని బల్ల మీదే ఉండిపోయాయి. బుచ్చిబాబు మాత్రం ఫ్లెక్సీ దింపనివ్వలేదు. పేటెంటు లేకపోతేనేం, పేరొచ్చింది కదా అన్నాడు.

వానాకాలం వచ్చింది. ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతున్న హరితకు వంటసామాన్ల బండి ఎదురైంది. బండి మీద కత్తులు. మామిడిటెంక పిడి, ఎరుపు, పచ్చ, నీలం ప్లాస్టిక్‌లో. ఒకటి తీసి పట్టుకుంది. అరచేతిలో అచ్చంగా ఇమిడింది. ఇమడక ఏం చేస్తుంది, ఆ కొలత ఆ చేతిదే.

"ఎవరు చేస్తున్నారు ఇవి?"

"గా చర్లపల్లి దిక్కున జేస్తున్నరమ్మా, మస్తు పోతున్నయ్" అన్నాడు బండి యజమాని హన్మయ్య.

"వేరేవాళ్ల డిజైన్ కాదా? ఎవరూ అడగరా?"

హన్మయ్య నవ్వి, బండి మీద వానకు అడ్డంగా కట్టుకున్న పాత ఫ్లెక్సీని చూపించాడు. "ఎవలడుగుతరమ్మా? గీ సారే కొలతలేసి సౌరస్తల కట్టిండు గదా."

హరిత తలెత్తి చూసింది. బుచ్చిబాబు ఇంకా చేతులు జోడించి నవ్వుతున్నాడు. బొమ్మలు చెక్కుచెదరలేదు, అంకెలు కూడా. ఆమె పేరు అందులో అప్పుడూ లేదు.

"ఒకటి ఇయ్యమంటరా అమ్మా?"

"వద్దు, నా దగ్గరుంది" అంది హరిత.