ఫ్లాస్కు కడిగే పని

వీరవేణికి రాణి మీద కుళ్ళు పుట్టింది ఊళ్ళో కాదు, రాజమండ్రి వచ్చాక. భీమవరం దగ్గర ఊళ్ళో ఒకే బడిలో చదివినన్నాళ్ళూ క్లాసులో మొదటి మార్కు వీరవేణిదే. రాణి పక్కన కూర్చుని నవ్విస్తూ ఉండేది. ఇంటర్ అయ్యాక, డిగ్రీలో చేరబోయే పిల్లల కోసం యూనివర్సిటీ వాళ్ళు కెమిస్ట్రీ వేసవి శిబిరం పెడితే ఇద్దరూ కలిసే వచ్చారు, హాస్టల్లో ఒకే గదిలో దిగారు.

ల్యాబులో ఇద్దరికీ కలిపి ఒకటే బల్ల. వచ్చిన రోజే పని పంచేసుకున్నారు. గాజుసామాను కడిగి పెట్టేది వీరవేణి, బ్యూరెట్ కుళాయి తిప్పేది రాణి. ఆమ్లం చుక్క చుక్కగా జారి, ఫ్లాస్కులోని పసుపు రంగు నారింజలోకి తిరిగే ఆ ఒక్క చుక్క దగ్గర రాణి చెయ్యి ఠక్కున ఆగిపోయేది.

"ఎంత నిదానమైన చెయ్యమ్మా! ఎవరు నేర్పారు?" అని శిబిరం నడిపే శ్రీసుధ మేడం మురిసిపోయేవారు.

"మా నాన్న రొయ్యల చెరువు కాడ ఇంజిన్లో డీజిల్ పోసిపోసి వచ్చిందండి," అనేది రాణి. ల్యాబంతా నవ్వేది. వీరవేణి కూడా నవ్వేది, పళ్ళు బిగించి. కడిగిన చేతుల సంగతి ఎవరూ అడగలేదు.

ఆఖరి రోజు పరీక్ష. ఎవరికి వాళ్ళు విడిగా చెయ్యాలి. బాగా చేసిన ఒక్కరిని మేడం సెలవులు అయ్యేదాకా తన ల్యాబులోనే ఉంచుకుంటారు. ఆ చోటు వీరవేణికి కావాలి. రాణికి దక్కకూడదు. ఈ రెండిట్లో ఏది ముందో తనకే తెలియలేదు.

పరీక్షలో తన పని చేసుకుంటూనే పక్క బల్ల మీద ఒక కన్నేసి ఉంచింది. రాణి ఫ్లాస్కును నీళ్ళతో కడిగింది. తర్వాత అందులో కొలవాల్సిన క్షారమే కాస్త పోసి, గిరగిరా తిప్పి, పారబోసింది.

అది తప్పని వీరవేణికి వెంటనే తెలిసింది. ఫ్లాస్కును ఉత్త నీళ్ళతోనే కడగాలి. లేకపోతే గోడలకి అంటుకున్న క్షారం కూడా కలిసి కొలత పెరిగిపోతుంది. రాణి ఎందుకలా చేసిందో కూడా వీరవేణికి తెలుసు. రొయ్యల చెరువు నీళ్ళు టెస్టింగుకి పట్టేటప్పుడు సీసాని ముందు ఆ చెరువు నీళ్ళతోనే కడిగి, తర్వాత నింపుతారు. చిన్నప్పట్నుంచీ వాళ్ళింట్లో ఆ సీసాలు పట్టేది రాణే.

ఒక్క మాట అంటే చాలు. వీరవేణి తల తిప్పుకుని తన బ్యూరెట్ వైపు చూసింది.

రాణికి ఒకసారి కాస్త ఎక్కువ, ఇంకోసారి ఇంకా ఎక్కువ కొలతలు వచ్చాయి. మేడం చూసి పెదవి విరిచారు. "ఏంటమ్మా, ఇవాళ ఏమైంది?" అని, పక్కకి వచ్చి వీరవేణి కొలతలు చూశారు. "ఇవి బావున్నాయి." వీరవేణికి కడుపు చల్లబడినట్టయింది.

అంతలో రాణి నెత్తి కొట్టుకుంది. "అయ్యో, మేడం గారండీ! చెరువు నీళ్ళ సీసా కడిగినట్టు కడిగేశానండి దీన్ని. క్షారం లోపల మిగిలిపోతంది కదండి? అందుకే ఎక్కువొచ్చింది!"

మేడం వెనక్కి తిరిగారు. "ఎవరైనా చెప్పారా?"

"లేదండి. ఎక్కువెందుకొచ్చిందా అని చూత్తంటే తట్టిందండి."

"కొలత తప్పితే మళ్ళీ కొలుచుకోవచ్చు," అన్నారు మేడం. "ఎందుకు తప్పిందో పట్టుకునేవాళ్ళే నాకు కావాలి. నువ్వు ఉండిపోమ్మా."

ఫ్లాస్కు కడిగిన తప్పు ముందు తనే చెప్పి ఉంటే? నేనూ చూశానని ఇప్పుడు అనడానికి లేదు. అంటే, మరి ఎందుకు ఊరుకున్నావంటారు.

మధ్యాహ్నం మెస్సులో రాణి తన వేపుడు చేప ముక్క తీసి వీరవేణి కంచంలో వేసింది.

"నీ పనిలో నువ్వుండిపోయావు గానీ, చూసుంటే అప్పుడే నా నెత్తిన మొట్టేదానివి కదే," అంది.

ఎత్తిపొడుపేమోనని వీరవేణి రాణి ముఖమంతా వెతికింది. లేదు. అనుమానమన్నదే లేదు. ఒకరిని అంత నిశ్చింతగా నమ్మగలుగుతున్నందుకు కూడా రాణి మీద కుళ్ళొచ్చింది.

"ఎలా ఉందే ముక్క?" అంది రాణి.

చాలా బావుంది. "ఉప్పెక్కువైంది," అంది వీరవేణి.