ఎర్రబల్బు గది

"ఈ పిల్లకి మీరేమవుతారు?" అని అడిగింది సిస్టర్.

"బాబాయిని," అన్నాడతను.

అమ్మాయి కుడిచెయ్యి మణికట్టు దాకా కాలిపోయింది. దాని చుట్టూ రంగురంగుల బట్టపేలికలు చుట్టి ఉన్నాయి. బట్టలు కుట్టే షెడ్డులో ఆవిరి ఇస్త్రీ కింద పడిందట చెయ్యి. ఆ 'అట' కూడా బాబాయి చెప్పిందే. పేరు అతనే చెప్పాడు. వయసు అతనే చెప్పాడు. "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగితే, "అంతేం లేదు లెండి," అని ఆ పిల్ల నొప్పి కూడా అతనే చెప్పాడు.

సిస్టర్ పేలికల్ని తడిపి ఒక్కొక్కటే ఊడదీసింది. వాటితోపాటు తోలూ వచ్చింది. పిల్ల కిక్కురుమనలేదు. అత్యవసర వార్డులో ఏడ్చే పిల్లల్ని చూసి సిస్టర్ ఏనాడూ భయపడలేదు. ఏడవని ఈ పిల్లని చూస్తుంటే ఆమెకి గుండె జారిపోయింది.

అప్పుడు చెయ్యకూడని పని చేసింది. అతని ముందే అడిగేసింది.

"ఎవరైనా కొడుతున్నారా తల్లీ?"

పిల్ల సిస్టర్ వైపు చూడలేదు. అతని వైపు చూసింది. అతను నవ్వాడు. "సిస్టర్‌గారు సినిమాలు బాగా చూస్తారనుకుంటా," అంటూ పిల్ల బాగున్న చేతిని పట్టుకున్నాడు. పట్టుకున్న చోట తోలు తెల్లబడింది.

"ఎల్లుండి కట్టు మార్చాలి, తీసుకురండి! కుళ్లితే చెయ్యి తీసెయ్యాల్సి వస్తుంది!" అని సిస్టర్ వెనక నుంచి అరిచింది. ఆ రోజుకి ఆమెకున్న ధైర్యమంతా ఆ కేకతోనే అయిపోయింది.

*

మధ్యాహ్నం వార్డు మనుషులు దుప్పట్ల గదిలో కూడారు. ఉతికిన దుప్పట్ల మధ్య మాట బయటికి పోదు.

"ముగ్గురిని నేనే తెచ్చాను ఆ షెడ్డు నుంచి," అన్నాడు అంబులెన్సు డ్రైవరు. "ముగ్గురికీ వాడే బాబాయి. మహానుభావుడికి ఎంతమంది అన్నలో!"

అందరూ నవ్వారు. ఆయా లేచి తలుపు గడియ పెట్టింది. నవ్వు అక్కడే ఆగింది.

ఆగడానికి కారణముంది. ఆ షెడ్డుకి ఊళ్ల నుంచి ఆడపిల్లల్ని తోలుకొచ్చే కంట్రాక్టరే, ఈ ఆసుపత్రికి ఆయాల్నీ కాపలావాళ్లనీ తోలేది. సిస్టర్ ఉద్యోగమూ అతని చేతిమీదుగా వచ్చిందే.

"పెద్ద డాక్టరుగారికి చెప్పాను," అన్నాడు కుర్ర డాక్టరు. "మన పని వైద్యం, వాళ్లింటి గొడవలు మనకెందుకన్నారు."

"పోలీసు స్టేషన్లో చెబుదాం," అంది సిస్టర్, తన మాట తనకే వినపడనంత మెల్లగా.

"మొదటి పిల్ల చెప్పలేదా సిస్టరమ్మా?" అంది ఆయా. "గుర్తింపు కార్డు ఎవడి జేబులో ఉంటే వాడే పెద్దదిక్కన్నారు. పొద్దుగూకకముందే బాబాయి చేతికి అప్పగించారు. ఆ పిల్ల మళ్లీ కనపడిందా?"

కాపలా మామ గోడకి ఆనుకుని కంట్రాక్టరు ఇచ్చిన టోపీ తిప్పుతున్నాడు. "నన్నీ గొడవలోకి లాగకండమ్మా. పిల్లలుగలవాణ్ణి. వాడి ఉప్పు తింటున్నాను."

"వాడి ఉప్పా?" ఆయా గొంతు లేచింది. "మన రెక్కల కష్టం వాడు తిని, మిగిలిన గంజి మన మొహాన పోస్తున్నాడు. ఉప్పు మనది, తిండి వాడిది! ఆ పిల్లకీ మనకీ ఒక్కటే తేడా మావా. సాయంత్రమైతే మనకి గేటు తీస్తారు. ఆ పిల్లకి తియ్యరు."

కాపలా మామ టోపీ తిప్పడం ఆపాడు.

అప్పటిదాకా నోరు విప్పని ఎక్స్‌రే తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "నా గదిలోకి రోగీ నర్సూ తప్ప ఎవరూ రాకూడదు. బయట ఎర్రబల్బు వెలిగిందంటే పెద్ద డాక్టరు కూడా ఆగాల్సిందే. బాబాయిలకి వేరే రూలేం లేదు."

ఆ మాటతో గదిలో గాలి మారింది. భయం పోలేదు. కానీ అంతవరకూ ఎవరి భయం వాళ్లది. ఇప్పుడది అందరిదీ అయింది. పంచుకుంటే బరువు కాస్త తగ్గినట్టుంది.

ఆ సాయంత్రం సిస్టర్ ఇంట్లో చెప్పింది. మిల్లు మూతపడ్డాక ఆమె భర్తకి పనిలేదు. ఆయన అంతా విని, "ఉన్న ఒక్క జీతమూ పోతుందేమో," అన్నాడు. పొద్దున్నే చూస్తే ఆమె యూనిఫారాలు రెండూ ఇస్త్రీ చేసి ఉన్నాయి.

"రెండెందుకండీ?"

"ఏమో. స్టేషన్‌కి తీసుకెళితే నలిగిన బట్టలతో వెళతావా?"

*

చెప్పిన రోజుకి బాబాయి పిల్లని తీసుకొచ్చాడు. చెయ్యి తీసేస్తే ఆ పిల్ల షెడ్డులో ఎవడికీ పనికిరాదు మరి.

సిస్టర్ అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "ఎక్స్‌రే తియ్యాలి," అని మాత్రం అంది.

"కాలిన చేతికి ఎక్స్‌రే ఏంటి?"

అంతే. దొరికిపోయింది. రోజూ చేసే పనిలోనే తప్పులో కాలేసింది. అతని కళ్లు సన్నబడ్డాయి.

కుర్ర డాక్టరు పక్క మంచం దగ్గర నుంచి తల ఎత్తకుండానే అన్నాడు: "చేతికెవరు తీస్తారండీ? ఛాతీకి. ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోయుంటే రేపు మీ పిల్ల మంచం దిగదు. మీ ఇష్టం, వద్దంటే తీసుకెళ్లండి."

బాబాయి ఆలోచించాడు. లెమ్మన్నట్టు పిల్ల భుజం తట్టాడు.

పిల్లని తీసుకుని సిస్టర్ లోపలికి వెళ్లగానే ఎక్స్‌రే గది తలుపు మూసుకుంది. ఎర్రబల్బు వెలిగింది. బాబాయి తలుపు మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి అడ్డంగా ఒక లాఠీ వచ్చింది. కాపలా మామది.

"లోపలికెళితే పిల్లలు పుట్టరు సార్."

"నువ్వెవడి మనిషివో తెలుసా నీకు?"

"నిన్నటిదాకా తెలుసు సార్," అన్నాడు కాపలా మామ. లాఠీ కదల్లేదు.

లోపల సిస్టర్ పిల్ల ముందు కింద కూర్చుంది. ఈసారి ఎవరు కొట్టారని అడగలేదు.

"నీకు వెనక్కి వెళ్లాలని లేకపోతే ఈ తలుపు తియ్యం. చెప్పు తల్లీ."

పిల్ల చాలాసేపు ఆ బల్ల వైపు, యంత్రం వైపు చూసింది. తర్వాత ఆమె నోటి నుంచి మొదటి మాట వచ్చింది.

"చెల్లి అక్కడే ఉంది."

ఆ మాట వెనక తక్కినవన్నీ ఊడిపడ్డాయి. పని ఇప్పిస్తామని తెచ్చారు. కార్డులు లాక్కున్నారు. షెడ్డుకి బయట తాళం. జ్వరంతో పడున్నవాళ్లున్నారు. నేను తిరిగి వెళ్లకపోతే చెల్లిని ఇంకెక్కడికో పంపించేస్తారు, ఎక్కడికో ఎవరికీ చెప్పరు.

సిస్టర్ వెనక కిటికీ తీసింది. కింద అంబులెన్సు డ్రైవరు బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "అన్నా! షెడ్డులో జ్వరాలతో పడున్నారట, చాలామంది!"

"జబ్బు మనుషులున్నారంటే తేవడం నా పని," అన్నాడతను. మిగతా డ్రైవర్లని ఈల వేసి పిలిచాడు. కుర్ర డాక్టరు కోటుతోనే ఎక్కాడు. సైరన్లు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఎంత పెద్ద గేటైనా ఆ మోతకి తెరుచుకుంటుంది, ఎందుకని అడగదు. తాళాలు వేసేవాడికి కూడా ఎవరు చచ్చిపోతున్నారోనన్న భయం ఉంటుంది కదా.

బయట బాబాయి ఫోను తీశాడు. "ఇక్కడ ఫోను మాట్లాడితే మిషన్లు పాడవుతాయి," అంటూ ఆయా నిండు బకెట్టు నీళ్లు అతని కాళ్ల దగ్గర కుమ్మరించి తుడవడం మొదలుపెట్టింది.

"ఇంకెంతసేపు?"

"ఫొటో సరిగ్గా రాలేదు సార్," అని లోపల నుంచి ఎక్స్‌రే తమ్ముడి గొంతు. "పాప కదిలింది. అమ్మా, ఊపిరి బిగపట్టు. ఆఁ, అలాగే ఉండు."

పిల్ల యంత్రం దగ్గరే లేదు. సిస్టర్ ఒడిలో ఉంది. ఊపిరి బిగపట్టింది ఇద్దరూ. తలుపు మీద గుద్దులు పడుతుంటే పిల్ల ఉలిక్కిపడుతోంది. ఆ ఉలికిపాటు ఎవరి ఒంట్లో మొదలవుతోందో సిస్టర్‌కి తెలియలేదు. ఆసరికే వరండా నిండిపోయింది. ఆయాలు, ఊడ్చేవాళ్లు, చేత్తో సెలైన్ సీసా పట్టుకున్న రోగులు, రోగుల తాలూకు చుట్టాలు. ఎవరూ అరవలేదు. వచ్చి నిలబడ్డారంతే.

మళ్లీ సైరన్లు దగ్గరయ్యాయి. బండి తలుపులు తెరుచుకున్న చప్పుడు. ఆ వెంటనే వరండాలో ఒక సన్నని గొంతు, "అక్కా!" అంది.

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. వార్డంతా వినపడేలా ఏడ్చింది. అంత తియ్యని ఏడుపు సిస్టర్ తన ఉద్యోగంలో వినలేదు.

*

మర్నాడు తెల్లారేసరికి అంబులెన్సు డ్రైవరుని ఇంటి దగ్గరే పట్టుకుపోయారు. గేటు పగలగొట్టి ఆడపిల్లల్ని ఎత్తుకెళ్లాడని కంట్రాక్టరు ఫిర్యాదు. ఎవరు ఎవర్ని ఎత్తుకొచ్చారో చట్టానికి అలా కనపడింది. పిల్లలు మాత్రం కుర్ర డాక్టరు వార్డులో ఉన్నారు. రోగుల్ని మంచం మీంచి లాక్కుపోయే కాగితం ఇంకా ఎవరూ తేలేదు.

పది కాకముందే ఇన్‌స్పెక్టరు జీపు ఆసుపత్రికి వచ్చింది.

"ఎక్స్‌రేకి పంపింది ఎవరు?"

సిస్టర్ గోడ పట్టుకుంది. ఇంట్లో పొయ్యి, భర్త మొహం, అన్నీ కళ్లముందు తిరిగాయి. భయం ఎక్కడికీ పోలేదు. అయినా నోరు తెరిచింది.

"నేను."

"గది ఊడ్చి సిద్ధం చేసింది నేను," అంది ఆయా.

"బల్బు వేసింది నేను."

"తలుపు దగ్గర నిలబడింది నేనండీ," అన్నాడు కాపలా మామ. ఆయన తలమీద కంట్రాక్టరు టోపీ లేదు.

"ఆ పిల్లకి తోవ చూపించింది నేను." "బకెట్టు నింపిచ్చింది నేను." "వరండాలో ఉన్నది నేను." ఎవరి పని వాళ్లు చెప్పుకుంటూ ముందుకొస్తున్నారు.

ఇన్‌స్పెక్టరు జీపు వైపు చూసి విసుక్కున్నాడు. "ఇంతమంది ఎక్కడ పడతారు?"

"మీరు పదండి బాబూ," అంది ఆయా. "మేం నడిచొస్తాం. లోపలున్నవాడికి అన్నం క్యారేజీ కూడా ఇవ్వాలి."

నడిచారు. ముందు సిస్టర్, ఇస్త్రీ నలగని యూనిఫారంలో. గేటు దాటుతుండగా వెనక అత్యవసర వార్డులోంచి ఒక కొత్త గొంతు వినపడి ఆగింది.

"మా అన్న కూతురండీ. కడుపునొప్పి. వయసు పద్దెనిమిది. ఎక్కువ మాట్లాడదు."

నిన్నగాక మొన్న చేరిన నర్సు ఒక్కతే ఉంది వార్డులో. ఆ అమ్మాయి గొంతు స్పష్టంగానే వినపడింది:

"ఫొటో తియ్యాలి. మీరు బయటే ఉండండి."

ఎర్రబల్బు వెలిగింది.