తడిగుడ్డ

వేడినీటి గొట్టం అతుకు దగ్గర పగిలి ఒక కార్మికుడి చెయ్యి ఉడికిపోయింది. ఆ అతుకు వేసింది వదిన. దాన్ని కోసి చూసి తప్పెవరిదో చెప్పాల్సింది అతుకులు తనిఖీ చేసే ఆడపడుచు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే షెడ్డు. తప్పు వదినదని తేలితే రేపటినుంచి ఆవిడకు పని లేదు.

"ఇంట్లో నా కూరకు వంకలు పెడతావు. ఇక్కడా నీకే దొరికాను," అంది వదిన, బల్ల పక్కన నిలబడి. "ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా? ఉన్నదున్నట్టు చెప్పు, నేనేమీ అనుకోను."

ఆడపడుచు నవ్వలేకపోయింది. రంపంతో అతుకును నిలువునా కోసింది. రాగి గొట్టానికీ ఉక్కు మూతికీ మధ్య సందంతా వెండి కడ్డీ కరిగి నిండుగా పారింది. సూదిమొనంత ఖాళీ లేదు. కానీ అడ్డంగా వెంట్రుకంత బీట. మండే అతుకును ఉన్నట్టుండి చల్లారిస్తే పడే బీట.

చల్లార్చిందెవరో ఆమెకు తెలుసు. అతుకు వేసిన రోజు బయట లారీ హారన్ కొడుతోంది. గుమ్మంలో మేనేజరు "ఇంకా కాలేదా" అని ఒకటే గోల. అతుకు వేసేందుకు చల్లిన పొడి మాడి అంటుకుంటే, అది త్వరగా వదలాలని తడిగుడ్డ వేసి తుడిచింది తనే. అతుకు తళతళలాడింది. పాస్ చేసేసింది.

మేనేజరు వచ్చాడు. "ఏం తేలింది?"

"అతుకు మంచిదే సార్. వేడి మీద తడిగుడ్డ పడింది. వేసింది నేనే."

"వదినను గట్టెక్కించడానికి బాగానే అల్లావు."

నోటిమాటను నమ్మనివాడికి చేసి చూపించాలి, అంతే.

"వదినా, అచ్చం అలాంటిదే ఇంకోటి వెయ్యి."

వదిన ఆమె మొహంలోకి చూసింది. మంటగొట్టం వెలిగించింది. అతుకు పడగానే ఆడపడుచు గుడ్డ తడిపి చుట్టింది. చుయ్యిమంది. ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లింది. బీటలోకి దిగిన రంగు ఆ పొడిలోకి ఊరుతుంది. ముగ్గురూ చూస్తుండగానే సన్నటి ఎర్రగీత తేలింది.

"అయితే రేపటినుంచి నువ్వు రావద్దు," అన్నాడు మేనేజరు.

"మరి తొందరపెట్టినవాళ్లు వస్తారా సార్?" అంది వదిన.

అతను వినబడనట్టే వెళ్లిపోయాడు.

వదిన గుడ్డ పిండి పక్కన పడేసింది. "మొద్దుదానా, ముందే నాతో చెప్పొచ్చుగా. పద, ఇంటికి పోదాం."

"నువ్వు పో వదినా. నేను ఆసుపత్రికి పోవాలి. అతని చెయ్యి కాల్చింది నేనని అతనికింకా తెలీదు."