నవలలో లేని అరుపు

విద్యార్థులు ఆమెకు పెట్టిన పేరు కత్తెర మేడమ్. కొత్త నవల మీద ఆమె విమర్శ వచ్చిందంటే ఆ రచయితకు ఆ పూట ముద్ద దిగేది కాదు. అలాంటి మనిషి సొంత తమ్ముడి నవలను ఆకాశానికెత్తేసరికి యూనివర్సిటీ తెలుగు విభాగంలో గుసగుసలు బయల్దేరాయి.

"కాకిపిల్ల కాకికి ముద్దు," అన్నాడు పక్క గది ప్రొఫెసరు, ఆమెకు వినబడేలాగే.

ఆమె లెక్కచేయలేదు. నవల నిజంగానే బాగుంది. ఏడో నెలలో బిడ్డను పోగొట్టుకున్న భార్య ఆ తర్వాత నోరు విప్పదు. మంచం పక్కనుంచి కదలని భర్త ఆ మౌనం చుట్టూ పుస్తకమంతా తిరుగుతాడు. 'ఈ తరం నవలల్లో ఇంత నిండైన మౌనం మరొకటి లేదు' అని రాసింది. రెండో ముద్రణకు ఆ వాక్యం అట్ట మీదికెక్కింది.

తమ్ముడి కాపురంలోనూ ఒక బిడ్డ అలాగే పోయింది. అప్పుడు ఆమె పరిశోధన కోసం దూరదేశంలో ఉంది. "తట్టుకుందక్కా, పల్లెత్తు మాట అనలేదు," అని తమ్ముడు ఫోనులో చెబితే నమ్మింది.

మరదలు పళ్ల డాక్టరు. పన్ను సలుపుతుంటే ఒక మధ్యాహ్నం కత్తెర మేడమ్ ఆమె క్లినిక్‌కే వెళ్లింది. కుర్చీ వెనక్కి వాలింది, దీపం ముఖం మీదికి వంగింది, పంటి చిగురుకు మత్తుసూది పడింది. నోటినిండా దూది.

"మీ వ్యాసం చదివాను వదినా," అంది మరదలు డ్రిల్లు అందుకుంటూ. "నేను మౌనంగా లేను. ఆస్పత్రి దద్దరిల్లేలా అరిచాను."

కత్తెర మేడమ్ కళ్లు పెద్దవయ్యాయి.

"నొప్పులొస్తున్నాయని పొద్దున్నించీ ఫోన్ చేస్తే మీ తమ్ముడు ఎత్తలేదు. ఏదో పుస్తకావిష్కరణట. సాయంత్రం వచ్చాడు, చేతిలో వాళ్లిచ్చిన జ్ఞాపికతో. 'నీ కథలు తగలెయ్య, బిడ్డ పోయిందిరా' అని మీద పడ్డాను. నర్సులొచ్చి విడదీశారు. ఇంకొంచెం తెరవండి."

తెరిచింది.

"అదంతా కొట్టేసి నన్ను మూగదాన్ని చేశాడు. మీరేమో అదే గొప్పన్నారు."

కత్తెర మేడమ్ ఏదో అనబోయింది. మొద్దుబారిన నాలుక కదల్లేదు.

"మత్తు దిగేదాకా ఏమీ తినకండి, బుగ్గ కొరుక్కుంటారు," అంది మరదలు చేతులు కడుక్కుంటూ.

కత్తెర మేడమ్ రెండో వ్యాసం రాసింది. తన మొదటి వ్యాసాన్ని తనే చీల్చి చెండాడింది. భార్య నోరు విప్పితే భర్త జవాబు చెప్పాల్సి వస్తుంది, అందుకే ఈ నవలకు మౌనం కావాలి అంది. రచయిత కాపురంలో నిజంగా వినబడింది అరుపేనంది.

"బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ అరుపుకి ఆధారమేది?" అన్నాడు పత్రిక సంపాదకుడు.

ఆధారం లేని వాక్యం ఆమె జన్మలో రాయలేదు. పేజీ కింద పాదసూచిక చేర్చింది: 'రచయిత కుటుంబ సభ్యురాలితో వ్యక్తిగత సంభాషణ.'

వ్యాసం పేలింది. విలేకరులు క్లినిక్ ముందు కాపు కాశారు. పళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు డాక్టరమ్మను జాలిగా చూసిపోయారు. తమ్ముడు అక్కతో మాట మానేశాడు, కానీ అతని నవల మూడో ముద్రణకు వెళ్లింది.

మరదలు నేరుగా యూనివర్సిటీ గదికే వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ మాట మీతో అన్నాను. ఊరందరితో అన్నానా?"

"నీ పక్షానే రాశానమ్మా."

"నన్నడిగారా? ఆయనా అడగలేదు, మీరూ అడగలేదు. అక్కాతమ్ముళ్లిద్దరికీ రాసుకోడానికి నేనే దొరికానా?"

"నీ పేరు ఎక్కడా..."

"ఆయనకున్నది ఒక్క భార్యే వదినా!"

తలుపు వేయకుండానే వెళ్లిపోయింది. వరండాలో విద్యార్థులు చెవులప్పగించి నిలబడ్డారు.

మరుసటి ఏడు ఆ రెండు వ్యాసాలూ పాఠ్యపుస్తకంలోకి ఎక్కాయి. పాదసూచిక తీసేయమని ఆమె కమిటీని బతిమాలింది.

"భలేవారే, పిల్లలు చదివేదే దానికోసం," అని నవ్వాడు అధ్యక్షుడు.

పరీక్షలో ఆ పాదసూచిక మీదే పది మార్కుల ప్రశ్న వచ్చింది. ప్రశ్నపత్రం కూర్చింది ఆమె కాదు. జవాబులు దిద్దింది మాత్రం ఆమే.