నిచ్చెనకు సరిపడే బండి

మొగుడికి బండి వెతకడం కంటే బండికి మొగుణ్ని వెతకడం తేలికని టైలరమ్మకు ఈ కొన్ని నెలల్లో బాగా తెలిసొచ్చింది.

ఆయన అందరిలాంటి మనిషైతే ఏ గొడవా ఉండేది కాదు. తాడిచెట్టంత మనిషాయె! ఆయన నుదురు తగలని గుమ్మం ఆ వీధిలో లేదు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. పనిచేసే చోట అందరూ నిచ్చెన అంటారు, అదే అసలు పేరైనట్టు ఆయనా పలుకుతాడు. ఆమేమో జానెడు మనిషి. చెప్పులేసుకుంటే ఆయన మోచేతి పైకి వస్తుంది, తీసేస్తే అదీ లేదు. వీధి మొదట్లో ఆమె కుట్టుషాపు. స్కూలు యూనిఫారాల దగ్గర్నుంచి తోలు జాకెట్ల దాకా ఏదైనా కుడుతుంది. కొలత తప్పిందని ఇంతవరకూ ఒక్కరూ గుడ్డ వెనక్కి తేలేదని ఆమెకు మాచెడ్డ గర్వం.

నిచ్చెనకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా స్పోర్ట్స్ బైకు పిచ్చి. మోకాళ్లు మడిచి, పాదాలు వెనక్కి పెట్టి, ట్యాంకు మీద పొట్ట ఆనించి, ఆ పొడుగంతా మడతపెట్టుకుని పోతుంటాడు. పెళ్లికి ముందు నుంచీ అదే వరస. వెనక సీటంటూ ఒకటుంది గానీ అది అరచేతంత. "మనిషి కూర్చునేదా అది? పిచ్చుక వాలేది!" అని మొదటిరోజే తేల్చేసి, ఆమె ఆ బండి ఎన్నడూ ఎక్కలేదు.

ఇన్నేళ్ల వంపు ఇప్పుడు మెడకు చుట్టుకుంది. కుడిచేతి వేళ్లు మొద్దుబారసాగాయి. ఒకరోజు కూడలిలో బ్రేకు నొక్కాననే అనుకున్నాడట, చెయ్యి మాత్రం నొక్కలేదు. కాలి బ్రేకు అందుకుని ముందున్న లారీకి బెత్తెడు దూరంలో ఆగాడు. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు, అదీ ఆమెకు ఒళ్లు మండించింది. మెడకు వైద్యం చేసే ఫిజియోథెరపీ ఆవిడ మొహమాటం లేకుండా చెప్పేసింది. "నిటారుగా కూర్చునే బండి కొనుక్కోండి, లేదా బండి మానేయండి. మూడో దారి లేదు."

నిటారుగా కూర్చునేదంటే క్రూజర్. వెడల్పు సీటు, ఎత్తు హ్యాండిలు, కాళ్లు ముందుకు చాపుకుని కుర్చీలో కూర్చున్నట్టు పోవచ్చు. "ఓస్, ఇంతేనా!" అనుకుంది టైలరమ్మ. అక్కడే పప్పులో కాలేసింది.

మొదటి బండి మీద కూర్చుని హ్యాండిలు తిప్పితే అది పోయి మోకాలికి తగిలింది. "మలుపొస్తే బండి తిప్పుకోవాలా, మోకాలు తీసుకోవాలా?" అన్నాడు నిచ్చెన. సరే, న్యాయమే. రెండోదాని సీటు మరీ కిందికుంది. దానిమీద ఆయన మోకాళ్లు చెవుల దాకా వచ్చి మిడతలా కనిపించాడు. షాపులో వాళ్లందరూ మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. అదీ న్యాయమే అనుకుంది.

అప్పుడు ఆమె తమ్ముడు రంగంలోకి దిగాడు. బావ బతకాలని బావమరిదే కోరతాడంటారు కదా, వీడు కోరాడు సరే, దాంతోపాటు ఫోనులో వీడియోలన్నీ చూసి పడేశాడు. "బావా, నీలాంటి పొడుగోళ్లకి ఫుట్‌రెస్టులు బాగా ముందుకుండాలి. సీటు వెనక్కుండాలి. అలాంటిదొకటుంది, చూపిస్తా రా" అన్నాడు. నిజంగానే చూపించాడు. నల్లటి పెద్ద బండి. నిచ్చెన దానిమీద కాళ్లు చాపాడు. చక్కగా సరిపోయాయి. చేతులు పెట్టాడు. అవీ సరిపోయాయి. టైలరమ్మ దేవుళ్లందరికీ దణ్ణం పెట్టుకుంది.

"మెడ లాగుతోంది" అన్నాడు నిచ్చెన.

ఇంకో షాపులో ఇంకో బండి. కాళ్లు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, మెడ లాగుతోంది. హ్యాండిలు వెనక్కి వంచి చూపించారు. మెడ లాగుతోంది. సీటు మీద దిండు వేశారు. అయినా మెడ లాగుతోంది! ఊళ్లో ఉన్న క్రూజర్లన్నీ కూడబలుక్కుని ఈ ఒక్క మెడ మీద పగబట్టాయా? షాపు మూసుకుని ఈయన వెనక కాళ్లరిగేలా తిరగడంతో యూనిఫారాలు గుట్టలు పడ్డాయి. బడి పిల్లల తల్లులు వచ్చి తలుపు కొట్టి పోతున్నారు. ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది.

చివరికి ఒక సాయంత్రం బట్టలు ఇస్త్రీ చేస్తూ అనేసింది. "నాకు తెలీదనుకోకండి. ఆ పాతదాన్ని వదలడం మీకిష్టం లేదు. అందుకే ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రతిదానికీ మెడ, మెడ! ముందు ఆ చొక్కా దోపుకోండి. ఎప్పుడు చూడు ముందు కొస ప్యాంటులోంచి బయటే. చొక్కా దోపుకోవడం రాని మనిషికి బండేం నచ్చుతుంది?"

నిచ్చెన చొక్కా దోపుకున్నాడు. అది మళ్లీ బయటికొచ్చింది.

"అయితే ఇక బండే వద్దులే" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. పాత బండి మీద గుడ్డ కప్పి బస్సెక్కడం మొదలుపెట్టాడు. ఆ బస్సు కప్పు ఆయన కంటే పొట్టి. పొద్దున, సాయంత్రం తల వంచుకుని నిలబడి రావడంతో మెడ ఇంకా పట్టేసింది. ఇంట్లోకి వస్తూనే ఈల వేసే అలవాటుండేది, అది పోయింది. అన్నం ముందు కూర్చుని గోడకేసి చూసేవాడు. పీడా వదిలిందని మొదట రెండ్రోజులు సంబరపడింది టైలరమ్మ. ఆ తర్వాత భయం పట్టుకుంది. లారీ కింద పడకుండా మనిషిని దక్కించుకుంది సరే, దక్కిన మనిషిలో ఆ మనిషి ఏడీ? బండి దొరక్కపోతే ఈయన ఇలాగే ఉండిపోతాడని ఆమెకు అర్థమైపోయింది.

"లేవండి. ఆ నల్ల బండి దగ్గరికే పోదాం. ఇదే ఆఖరు" అంది సెలవురోజు పొద్దున్నే.

"మళ్లీ ఎందుకే? చూశాం కదా."

"నేను చూడలేదు. మీరు చూశారు. జాకెట్ వేసుకోండి."

జాకెట్ సంగతి చెప్పి తీరాలి. గోధుమరంగు తోలు జాకెట్, పెళ్లయిన కొత్తలో ఆమె చేతులతో కుట్టింది. ఒకసారి వానలో బండి జారి నిచ్చెన చాలా దూరం దొర్లాడు. జాకెట్ చేతులు గీసుకుపోయాయి గానీ ఆయన చర్మానికి గీత పడలేదు. ఆనాటి నుంచి అది ఒంటి మీద లేకుండా బండి మీద కాలు వెయ్యడు. షాపులో స్టాండు వేసి కదలకుండా ఉన్న బండైనా సరే, జిప్పు మెడ దాకా లాగితేనే ఎక్కుతాడు. ఎవరేమన్నా వినడు.

షాపులో అమ్మకాలాయన వీళ్లను చూడగానే మొహాన నవ్వు పులుముకున్నాడు. పాపం, ఎన్నిసార్లని నవ్వుతాడు? నిచ్చెన జిప్పు లాగి, బండెక్కి, కాళ్లు చాపి, చేతులు పెట్టాడు.

"ఊఁ, చెప్పండి" అంది టైలరమ్మ.

"కాళ్లు బాగున్నాయి. చేతులూ బాగున్నాయి..."

"మెడ?"

నిచ్చెన మెడ రుద్దుకున్నాడు. ఆయన కళ్లు హ్యాండిలు మీదే ఉన్నాయి. ఆ చూపులో ఆశ పూర్తిగా చావలేదని ఆమెకు కనిపించింది, దాంతో కోపం నషాళానికంటింది.

"ఆ లాగేదేదో నేనూ చూస్తాను. జరగండి ముందుకి!" అంటూ చెప్పులు విడిచి, అమ్మకాలాయన భుజం పట్టుకుని, ఫుట్‌రెస్టు మీద కాలేసి, వెనక సీటు మీదికి ఎక్కేసింది. పెళ్లయ్యాక మొగుడి వెనక బండి మీద కూర్చోవడం అదే మొదటిసారి. సీటు మెత్తగా, వెడల్పుగా ఉంది. ఎదురుగా ముక్కుకు తగిలేంత దగ్గర్లో తను కుట్టిన జాకెట్ వీపు.

"ఇప్పుడు తిన్నగా కూర్చోండి."

ఆయన నడుము నిటారు చేశాడు. ఆమె కళ్ల ముందే కాలరు ఆయన మెడలోకి దిగిపోయింది. కాలరు దగ్గర్నుంచి చంకల దాకా తోలు మీద పెద్ద పెద్ద ముడతలు లేచాయి.

తన కుట్టుషాపులో బట్ట ట్రయల్ వేసినప్పుడల్లా ఆమె అనే మాట ఒకటుంది. 'మనిషి అబద్ధమాడినా ముడత ఆడదు' అని. బట్ట ఎక్కడ లాగితే కొలత అక్కడ తప్పినట్టే. చెయ్యి ముందుకు పోనిచ్చి జాకెట్ ముందుభాగం తడిమింది. తాడులా బిగుసుకుని ఉంది. ముందు పొట్టి. బాగా పొట్టి. తిన్నగా కూర్చుంటే చాలు, అది కాలరును పట్టుకుని మెడను ముందుకి గుంజుతోంది.

"విప్పండి."

"ఇక్కడా?" అన్నాడు నిచ్చెన బిత్తరపోయి.

"జాకెట్టండీ బాబూ!"

"జాకెట్ లేకుండా నేను బండి మీద..."

"స్టాండు మీదుంది మహాప్రభో! ఎక్కడికీ పోదు! విప్పండి!"

విప్పాడు. మళ్లీ నడుము ఎత్తాడు. మెడ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇంకోసారి అటు తిప్పాడు.

"లాగట్లేదే!" అన్నాడు.

"హమ్మయ్య!" అన్నాడు అమ్మకాలాయన అందరికంటే గట్టిగా. ఈసారి నిజంగానే నవ్వాడు.

ఇంటికొచ్చే బస్సులో టైలరమ్మ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఇన్ని నెలలుగా మొగుణ్ని, బండ్లను, మెడను, బండ్లు చేసినవాళ్లను దుమ్మెత్తి పోసింది. తీరా చూస్తే మద్దెల బాగానే ఉంది. పెళ్లాం కుట్టిన జాకెట్ మీద మాత్రం ఆ మహానుభావుడికి ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. కానీ తన కొలత తప్పడమేమిటి? వానకు తడిసి తోలు కుంచించుకుందేమో. అదే అయ్యుంటుంది.

ఆయన్ని నేరుగా కుట్టుషాపుకే తీసుకుపోయి లైటు వేసింది. జాకెట్ బల్ల మీద పరిచి కుట్టుకుట్టూ చూసింది. తోలు కుంచించుకోలేదు.

"ఇలా రండి. కొత్తగా కొలవాలి" అంది టేపు మెళ్లో వేసుకుంటూ.

నిచ్చెన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. నిలబడగానే అలవాటు ప్రకారం మోకాళ్లు కొద్దిగా మడిచాడు. భుజాలు దించి వీపు గూని చేసి, మెడ ఆమె వైపు వాల్చాడు.

టేపు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏం చేస్తున్నారు?"

"కొలత ఇస్తున్నా."

"ఆ వంగడమేంటి?"

"నీకు అందాలి కదా" అన్నాడు, అదేదో అడగాల్సిన విషయమే కానట్టు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"మొదట్నుంచీ. పెళ్లికి ముందు నీ దగ్గర చొక్కా కుట్టించుకున్నాను చూడు, అప్పుడు నా భుజం అందక మునికాళ్ల మీద నిలబడి ఆపసోపాలు పడ్డావు. చూడలేకపోయాను."

టైలరమ్మ ఆయన చొక్కా కేసి చూసింది. ముందు కొస ప్యాంటులోంచి బయటికొచ్చి ఉంది. ఇన్నేళ్లలో ఆయన వేసుకున్న ప్రతి చొక్కా తను కుట్టిందే. ప్రతి చొక్కాకూ తిట్టింది. ఆ వంగిన మనిషినే తన మొగుడి కొలత అనుకుంది.

"నోరు లేదా మీకు?" అని అరిచింది. "పొట్టిగా ఉందే అని ఒక్కసారి చెప్తే మీ సొమ్మేం పోయేది?"

"బండి మీద వంగితే సరిగ్గా సరిపోయేది మరి" అన్నాడు నిచ్చెన.

ఇక ఆ మనిషితో ఏం మాట్లాడతావు? కత్తిరింపు బల్ల కింద నుంచి స్టూలు లాగింది. దాన్ని ఆయన ముందు ధన్‌మని పెట్టి ఎక్కింది.

"నాకు అందకపోతే నేనెక్కుతాను. మీరు వంగకండి. వంగారంటే నా మీద ఒట్టే."

నిచ్చెన మోకాళ్లు తిన్నగా చేశాడు. తర్వాత భుజాలు. ఆపైన మెడ, మెల్లగా, నమ్మకం లేనట్టు. ఆయన అలా లేస్తూనే ఉన్నాడు. ఇంత మనిషితో కాపురం చేస్తున్నానా అనుకుంది టైలరమ్మ. స్టూలు మీదుంటే ఆయన మొహం సరిగ్గా తన మొహానికి ఎదురుగా ఉంది. ఆ కళ్లను ఇంత తిన్నగా ఎప్పుడూ చూడలేదు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఏమైందే?" అంటూ ఆయన ముందుకు వంగబోయాడు.

"కదిలారో!" అంది టైలరమ్మ ముక్కు ఎగబీలుస్తూ. టేపు కొస ఆయన భుజం మీద పెట్టి, రెండో కొస నడుము దాకా వదిలింది.