ఇన్‌లెట్ గట్టు మీద వంతు పని

కంపెనీ తరఫున కాలువ నీళ్లు వదిలే లస్కర్ ఎర్ల్, ముసలి ఫిదెన్సియో పొలం పిల్లకాలువ తలుపుకి గొలుసు చుట్టి తాళం బిగిస్తుంటే దెల్ఫీనా గట్టు మీదే నిలబడి ఉంది. పశువుల గడ్డికి మొదటి తడి అందాల్సిన రోజది. నీళ్లు ముసలాయన పొలం పక్కనుంచే గలగలా పోతున్నాయి, పొలంలోకి మాత్రం చుక్క దిగడం లేదు.

"కాలువ పన్ను కట్టలేదు పెద్దాయనా. నా చేతిలో ఏముంది చెప్పు?" అన్నాడు ఎర్ల్ తలెత్తకుండా.

"ఈ కాలువ తవ్వినోళ్లలో మా నాన్న ఉన్నాడయ్యా!" అన్నాడు ఫిదెన్సియో.

దెల్ఫీనాకి ఒళ్లు మండిపోయింది. "నీ చేతులు పడిపోనూ!" అని లస్కర్‌ని తిట్టింది. తిట్టింది గానీ, ఆమెకీ భయమే. ఇవాళ ఆయన, రేపు తను. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది కాస్త చిక్కుడు పొలం, కంపెనీలో నీటి వాటా. వాటా పోతే ఆ నేలలో ముళ్లకంప తప్ప ఏదీ మొలవదు.

కంపెనీ అంటే పరాయివాళ్లది కాదు. ఆ కొలరాడో లోయ రైతులే తలా ఒక వాటా వేసుకుని, ఏటి నుంచి చెరువుకీ చెరువు నుంచి పొలాలకీ కాలువలు తవ్వుకుని పెట్టుకున్నది. ఇప్పుడు దాని అధ్యక్షుడి కుర్చీలో హాల్‌స్టెడ్ కూర్చున్నాడు. పశువుల మందలూ అతనివే, ఊళ్లో బ్యాంకూ అతనిదే. ఏటి నీళ్లు చెరువులోకి దిగే ఇన్‌లెట్ కిందటి వరదకి తెగి, పూడిపోయింది. ఇప్పుడు కాలువల్లో పారేది చెరువులో మిగిలిన పాత నీళ్లే. కొండల మీద మంచు కరిగేలోగా బాగుచెయ్యకపోతే చెరువు నిండదు. ఆ మాట నిజమే. దాన్ని అడ్డం పెట్టుకునే హాల్‌స్టెడ్ వల పన్నాడు. కంపెనీ తన బ్యాంకులో అప్పు తెచ్చి సిమెంటుతో కట్టించాలట. అప్పు వాటాల మీద పన్నుగా పడుతుందట. కట్టలేనివాడి వాటా వేలం వేస్తారట. వేలంలో కొనేది ఎవడో చంటిపిల్లనడిగినా చెబుతుంది!

బడి గదిలో మీటింగు పెడితే లోయ లోయంతా కదిలొచ్చింది.

"గుర్రాలు మావి, రెక్కలు మావి. కొండ నిండా రాయుంది, అడవి నిండా కలపుంది," అంది దెల్ఫీనా. "మా పెద్దోళ్లు పన్నంతా పారతోనే తీర్చుకున్నారు. మాకీ అప్పెందుకు?"

"చెమటని బ్యాంకు జమ చేసుకోదమ్మా," అని నవ్వాడు హాల్‌స్టెడ్. "ఓటింగు పెడదాం."

అప్పు వద్దంటూ చేతులు అడవిలా లేచాయి. హాల్‌స్టెడ్ తాపీగా ఒక కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. అన్నీ వాళ్ల సంతకాలే. ఏటా మీటింగు సరిగ్గా గొర్రెలు ఈనే రోజుల్లో వచ్చేది. మంద వదిలి రాలేక, 'నా బదులు మీరే ఓటెయ్యండి' అని అందరూ అతనికే రాసిచ్చేవాళ్లు. గుమ్మం దాకా వచ్చి మరీ సంతకం పెట్టించుకుంటున్నాడు, ఎంత మర్యాదస్తుడని మురిసిపోయారు కూడా!

"నీ ఎదురుగా నేను నిలబడుండగా నా చెయ్యి నువ్వెత్తుతావా?" అని అరిచింది దెల్ఫీనా.

"ఈ కాగితం రద్దు కావాలంటే మీటింగుకి నెల ముందే చెప్పాలమ్మా. రూలది."

తీర్మానం నెగ్గింది.

బయట గొడవ గొడవ. కోర్టుకి పోదామన్నాడొకడు. "కోర్టు తేల్చేసరికి మనం కూలికి పోతుంటాం," అంది దెల్ఫీనా. "అప్పు పత్రం మీద ఇంకా సంతకం పడలేదు. ఈలోగా ఇన్‌లెట్ కట్టేసి నీళ్లు పారించామనుకో, ఇంక అప్పు దేనికిస్తాడు?"

"పోలీసులొస్తారు తల్లీ," అన్నాడు ఫిదెన్సియో.

"రానీ తాతా. తాళం పడ్డాక ఇంకా దేనికి భయం?"

మర్నాడే పని మొదలైంది. మగాళ్లు గుర్రాలు కట్టి పూడిక లాగుతుంటే ఆడవాళ్లు చేతులు చీరుకుపోతున్నా రాళ్లు అందించారు. మూడో రోజుకి గట్టు నడుమెత్తు లేచింది, తలుపుకి దుంగలు నిలిచాయి. అప్పుడొచ్చాడు షరీఫ్, అంటే అక్కడి పోలీసు పెద్ద, మధ్యాహ్నం రొట్టెలు తినే వేళ.

"కంపెనీ జాగాలోంచి బయటికి నడవండి!"

"కంపెనీ అంటే మేమేనయ్యా!" అని ఎదురొచ్చింది దెల్ఫీనా. షరీఫ్ ఆమెకే బేడీలు వేశాడు. ఆమె వెనక్కి తిరిగి, "పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉన్నారు, ఎవరైనా చూడండే!" అని కేకేసింది. ఆమెని కారులోకి తోశాడు.

తిండి అయ్యాక పనిలోకి దిగేముందు పేర్లు పిలవడం అక్కడి ఆనవాయితీ. రాలేనివాళ్ల వంతు ఇంకొకరు చెయ్యొచ్చు. వంతులు చూసే కాలువ పెద్ద తిబుర్సియో షరీఫ్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. గొంతు సవరించుకుని గట్టిగా పిలిచాడు.

"దెల్ఫీనా అర్చులేటా!"

ఫిదెన్సియో మిగిలిన రొట్టె పక్కన పెట్టి లేచాడు. "ఆమె వంతు నేను!"

"మరి నీ వంతో?" అన్నాడు తిబుర్సియో.

"ముసలాడి నడుం విరుగుద్ది, ఆయన వంతు నేను!" అందొక ఆడగొంతు. "పిల్లల్ని మా ఇంటికి తెచ్చుకుంటా," అంది ఇంకో ఆవిడ.

"ఏయ్! బయటికి నడవమన్నానా లేదా?" అని షరీఫ్ తుపాకీ మీద చెయ్యి వేశాడు. జాగా వదిలి ఒక్కరూ కదల్లేదు. కారు అద్దానికి మొహం ఆనించిన దెల్ఫీనాకి ఏడుపొచ్చింది.

తిబుర్సియో ఇంకో పేరు పిలిచాడు.